మాట్లాడకూడని గది

“మీరెవరండీ? లోపలికి ఎలా వచ్చారు?” స్కాన్ టెక్నీషియన్ తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

అతను కుర్చీలోంచి లేచాడు. “ఈవిడ మా వదిన చెల్లెలండీ.”

“ఎవరైతేనేం? ఇంజెక్షన్ ఇచ్చాక నలభై నిమిషాలు పేషెంటుని మాట్లాడించకూడదని బయట బోర్డుంది. చదవలేదా?”

“చదివాను.”

“చదివే వచ్చారన్నమాట,” అంటూ డాక్టరుగారిని అడగడానికి వెళ్ళింది.

మెదడులో ఏ భాగం ఎక్కువ పని చేస్తే ఆ ఇంజెక్షన్ మందు అక్కడికి ఎక్కువ చేరుతుంది. అందుకే ఆ మసక గదిలో ఫోను లేదు, పుస్తకం లేదు, మాట లేదు. మంచం మీది ఆమెకి లింఫోమా అనే కాన్సరుకి ఆరు కీమోలయ్యాయి, జబ్బు పోయిందన్నారు. కానీ మొన్న గరిటె చేత్తో పట్టుకుని, దీన్నేమంటారని అక్కనడిగింది. అది మందుల అలసటా, జబ్బు తలకి పాకిందా తేల్చడానికే ఈ స్కాన్.

టెక్నీషియన్ తిరిగొచ్చింది. “ఇవాళ తీసినా లాభం లేదట. వచ్చే వారం రండి.”

మంచం మీంచి ఆమె లేచి దుప్పటి మడత పెట్టింది. అంచులు కలవలేదు. విప్పి మళ్ళీ మడిచింది.

“మళ్ళీ పస్తు, మళ్ళీ సూది. నలభై నిమిషాలు నోరు మూసుకోలేకపోయావా బావా?”

“రెండు నెలలు మూసుకున్నాను. పెళ్ళి మాటెత్తితే స్కాన్ కానీ అన్నావు. అదయ్యాక చెప్తే రిపోర్టు చెప్పిన జవాబవుతుంది. నాకు నీ జవాబు కావాలి.”

“రిపోర్టు బాగా లేకపోతే?”

“ఇద్దరం ఆస్పత్రికొస్తాం. ఇప్పుడు రావట్లేదా?”

“ఏదో ఒక రోజు నిన్నే మర్చిపోతే?”

“మీ అక్కనడుగు. మా మరిది, కాస్త తిక్క అని చెప్తుంది.”

నవ్వడానికి కూడా ఓపిక కావాలి. పెదవి చివర కొంచెం కదిలింది, అంతే. ఇంకో వారం దాకా డాక్టరుకీ తెలియదు, మెషీనుకీ తెలియదు. అప్పటిదాకా ఏం చెప్పినా అది తన మాటే.

“అక్కకి నువ్వే చెప్పు. నాకు ఓపిక లేదు.”

“ఏమని?”

“ఒప్పుకున్నానని.”

అతను ఒక అడుగు ముందుకేశాడు.

“దూరం, బావగారూ,” అంది టెక్నీషియన్. “ఆ మందులో రేడియేషన్ ఉంటుంది, సాయంత్రం దాకా పక్కవాళ్ళకీ తగులుతుంది.”

బయట వరండాలో అతను రెండు కుర్చీలు వదిలి కూర్చున్నాడు. ఆమె గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

“ఇంకో కుర్చీ అవతలికి జరుగు బావా,” అంది కాసేపటికి. “నువ్వు బాగుండాలి నాకు.”