నాలుగు పందిళ్ల నీడ

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు నరసరావుపేటలో పనున్నవాడు కూడా పడుకునే ఉంటాడు. టైపు ఇన్‌స్టిట్యూట్ పైనున్న ఒంటి గదిలో ప్రైవేటు డిటెక్టివ్ అలీ సాహెబ్ పడక కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆయన నిద్రపోతున్నాడో ఆలోచిస్తున్నాడో పక్కనున్న రామయ్య మాస్టారికి పదేళ్లుగా తేలలేదు. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన రామయ్య, సాహెబ్ కేసులకు బొమ్మలు గీసిపెడుతూ, ఆయన బుర్రను చూసి మురిసిపోతూ కాలం గడుపుతున్న మనిషి. కింద టైపు మిషన్లు కూడా కునుకు తీస్తూ ఉండుండి ఒక్కో అక్షరం కొడుతున్నాయి.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. గుమ్మంలో నిలబడ్డ మనిషికి యాభై ఏళ్లుంటాయి. మాసిన ఖాకీ చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. తువ్వాలు రెండు చేతులా పట్టుకున్నాడు. రామయ్య కూజాలో నీళ్లిచ్చి కూర్చోబెట్టాడు.

పేరు ఏసోబు. రెంటచింతల బయట రంగుల ఫ్యాక్టరీలో రెండు నెలల క్రితం దాకా వాచ్‌మన్. అక్కడ పసుపు రంగు పొడి తయారు చేస్తారు. పొడి తీశాక మిగిలిన మట్టిని వెనక గుట్టగా పోస్తారు. గుట్ట కింద గుంటలో నీళ్లు తాగి అతని పాడిగేదె చచ్చిపోయింది. అడగబోతే ఉద్యోగం ఊడింది. పైగా నష్టపరిహారం కోసం గేదెకు తనే విషం పెట్టాడని మేనేజరు ఫిర్యాదు చేశాడు. సోమవారం స్టేషన్‌కు రమ్మని కబురొచ్చింది.

"నన్ను లోపలేస్తే వేశారు సాబూ. నా బాధ అది కాదు," అన్నాడు ఏసోబు. "ఆ మట్టి విషపు మట్టని సర్కారు పట్టీలో రాశారు. ఇప్పుడు పట్టీలోంచి తీసేస్తన్నారు. రేపు సంతకం. ఎల్లుండి మా వీధి మిద్దెల మీద పోస్తారు."

పల్నాట్లో మట్టి మిద్దెలున్నవాళ్లు వానలకు ముందు, నీళ్లు లోపలికి దిగకుండా పైన చవుడు మట్టి పోస్తారు. చవుడుకు బదులు ఈ మట్టి వాడుకోమని, లారీలతో సహా ఉచితమని దండోరా వేయించారట. తొలివాన నీళ్లు మిద్దె తూముల కింద బిందెలు పెట్టి పట్టుకుంటారు ఆ వీధి ఆడవాళ్లు. వానలున్నన్నాళ్లూ నలభై ఇళ్ల పసిపిల్లలు తాగేది ఆ నీళ్లే.

అలీ సాహెబ్ కళ్లు తెరిచాడు. "పట్టీలోంచి ఊరికే తీసెయ్యరు కదా?"

ఊరికే తీయరు. సర్కారు ఆఫీసరు నాలుగుసార్లు, నాలుగు వేరువేరు చోట్ల మట్టి తవ్వి తీసుకెళ్లాలి. దాన్ని నీళ్లలో నానబెట్టి చూస్తే విషం హద్దు లోపల ఉండాలి. నాలుగుసార్లూ హద్దు లోపలే ఉంది.

"ఆ గుట్ట మీద గడ్డిపోచ మొలవదు. కాయితం మీద మాత్రం అది మంచి మట్టయి కూచుంది," అన్నాడు ఏసోబు.

"నిన్ను తీసేశాక గేటు కాపలా ఎవరు?"

"లారీల నాగభూషణరావు గారి మనిషి. నన్ను తీసేసిన వారానికే గుట్ట మీద చలిపందిళ్లు కూడా ఏసిండు ఆయన. చానా దొడ్డమనిషి." ఆ మాట ఏసోబు మనసారా అన్నాడు.

మర్నాడు పొద్దున్నే సాహెబూ మాస్టారూ బస్సెక్కితే, గురజాల దాటేసరికే కిటికీ చువ్వలు పట్టుకోలేనంతగా కాలాయి. రెంటచింతల ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది? గాలి కదలడం మానేసి, నేల నుంచి ఆవిరి లేస్తుంటే ఎదురుగా ఉన్న చెట్లు నీళ్లలో ఉన్నట్టు ఊగుతున్నాయి. ఆ ఊగులాటలోంచి పసుపు గుట్ట మెల్లగా పైకి తేలింది. ఎవరో పెళ్లికి దంచి పోసిన పసుపులా ముద్దుగా ఉంది. అంత అందమైనది ఇంత పాడుదంటే రామయ్యకు మనసొప్పలేదు.

గుట్ట మీద దూరదూరంగా నాలుగు తాటాకు పందిళ్లున్నాయి. ఒక్కో దాని కింద ఇసుకలో నిలిపిన నీళ్లకుండ, తల్లి పేరిట నాగభూషణరావు కట్టించిన గుడ్డ బోర్డు.

ఆఫీసరు అమరేశ్వరరావు ఫ్యాక్టరీ గదిలో కాగితాలు చూసుకుంటున్నాడు. పలచటి మనిషి, మోచేయి దగ్గర చిరుగు కుట్టిన చొక్కా. ఆయన సంగతి ముందే విన్నారు. కాఫీ కూడా తన డబ్బుతోనే తాగే రకం. అలీ సాహెబ్ అనుమానం చెబితే కోప్పడలేదు గానీ మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"పార నాది, సంచి నాది, సీలు నాది. ఏ రోజు వస్తానో మా ఆవిడకు కూడా చెప్పలేదు," అన్నాడు. "మోకాలి లోతు నా చేతుల్తో తవ్వాను. చోటు కూడా ఎవరూ చూపించలేదు. నాలుగుసార్లూ నేనే ఎంచుకున్నాను."

"ఏ వేళప్పుడు?"

"మాచర్ల నుంచి మొదటి జీపులో బయల్దేరినా ఇక్కడికొచ్చేసరికి పదకొండు దాటుతుంది."

ఆయన ఎక్కడెక్కడ తవ్విందీ గోడ నుంచి అడుగులతో సహా రిజిస్టరులో రాసుకున్నాడు. అలీ సాహెబ్ ఆ లెక్క రామయ్య చేత కాగితం మీదికి ఎక్కించుకున్నాడు. బయటికి రాగానే మాస్టారు నిట్టూర్చాడు. ఇంత ఖచ్చితమైన మనిషి చేతిలోంచి మట్టి మార్చడం మానవమాత్రుడి వల్ల కాదని ఆయనకు తోచింది.

మేనేజరు రెండే ముక్కల్లో తేల్చేశాడు. యజమానులు మద్రాసులో ఉంటారు. మట్టి పట్టీలో ఉంటే దూరాన అడుగున గచ్చు కట్టించిన గోతికి బోలెడు ఖర్చుతో పంపాలి. పట్టీ దిగితే మోసే పని నాగభూషణరావు లారీలది. అంతకుమించి తనకేమీ తెలియదు.

నాగభూషణరావు మిరపకాయల వ్యాపారి, ఆరు లారీల ఆసామి. కొట్టు ముందు మంచమేసి మజ్జిగ ఇప్పించాడు. మాట మెత్తన. ఏసోబు మంచివాడే గానీ గేదె పోయిన దిగులుతో మతి చలించిందని జాలిపడ్డాడు.

"లారీకింత అని కంపెనీ ఇస్తది, దాపరికమేముంది? మట్టి మాత్రం ఊరికే ఇస్తన్నా. పందిళ్లు మా అమ్మ పుణ్యానికి," అన్నాడు. కొట్టు లోపల గుమాస్తా నాలుగుసార్లు తుమ్మాడు. ఘాటుకు అలవాటు పడ్డ ఊళ్లో దాన్నెవరూ పట్టించుకోలేదు.

పన్నెండున్నరకు ఇద్దరూ గుట్టెక్కారు. చెప్పులు దిగబడుతున్నాయి. కూలీలు పనాపి దూరంగా గోడవార లారీ నీడలో ఇరుక్కుని సద్దులు తింటున్నారు. మొదటి పందిట్లో నీళ్లు పోసే అంజమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"కూలోళ్లు ఇక్కడ కూచోరా అమ్మా?" అని అడిగాడు అలీ సాహెబ్.

"కూచోనియ్యొద్దన్నారు అయ్యా. మురికి చేస్తారంట. నీళ్లు తాగి పోవాల్సిందే. ఆఫీసరు గారొస్తే ఆయనకి మాత్రం పీట ఏస్తా."

నిజమే, పందిరి కింద ఒక్క బీడీ ముక్క లేదు. రామయ్య గొడుగు మొనతో మట్టిని కెలికాడు. కెలకగానే గట్టిగా తుమ్మాడు. ఒంటి తుమ్ము. శకునం బాగాలేదు, కాసేపు కూర్చుని వెళదామన్నాడు. సాహెబ్ సరేనని కూర్చున్నాడు. రెండో పందిట్లోనూ అంతే. మూడో పందిట్లో తుమ్మాక మాస్టారికి నిజంగా భయమేసింది. ఇంటి దగ్గర ఎవరికేమైందోనని కలవరపడ్డాడు. పందిళ్ల మధ్య ఎండలో కూడా ఆయన గొడుగు మొన మట్టిలో గుచ్చుతూనే నడిచాడు గానీ అక్కడ తుమ్ము రాలేదు.

నాలుగో పందిట్లో కుండ చెమర్చి, చుక్కచుక్కగా కారుతోంది. ఆ తడిలో రెండు మొలకలు. మొన తేలిన లేత ఆకులు ఎండకు దూరంగా, గాలి లేకపోయినా కదులుతున్నట్టే ఉన్నాయి. ఆ పసుపులో ఆ పచ్చదనం చూస్తుంటే రామయ్యకు కల కంటున్నట్టయింది. అలీ సాహెబ్ ఆ మొలకలకొక బొమ్మ, పందిళ్లతో సహా గుట్టకొక బొమ్మ గీయమన్నాడు. తర్వాత కుండకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. మాస్టారి బొమ్మలు పూర్తయ్యేదాకా ఆయన లేవలేదు.

లేచాక ఒకటే మాటన్నాడు. "మాస్టారూ, అందర్నీ ఇక్కడికే పిలవండి. ఆఫీసరు గార్ని పార తెచ్చుకోమనండి."

ఒకటిన్నరకు అందరూ గుట్ట కింద చేరారు. మేనేజరు, నాగభూషణరావు, అమరేశ్వరరావు, అంజమ్మ, వెనకగా ఏసోబు. సంతకం కావలసిన కాగితం ఆఫీసరు జేబులోనే ఉంది.

"ఒక్క చిన్న కోరిక," అన్నాడు అలీ సాహెబ్. "అయిదో నమూనా తియ్యండి. చోటు మీ ఇష్టం. నేను ఒక్క మాట కూడా మాట్లాడను."

అమరేశ్వరరావు పార భుజాన వేసుకుని గుట్టెక్కాడు. మిగతావాళ్లు వెంట నడిచారు. ఆయన అటూ ఇటూ చూశాడు, చెమట తుడుచుకున్నాడు, ఇంకొంచెం నడిచాడు. ఆగి పార దించాడు. అంజమ్మ అలవాటుగా పీట వేసింది.

ఆయన రెండో పందిట్లో నిలబడి ఉన్నాడు. అందరూ ఆ నీడలోనే నిలబడి ఉన్నారు. మనుషుల్ని చూసి, పైన తాటాకుల్ని చూసి, ఆఫీసరు మొహం మెల్లగా పాలిపోయింది.

"చోటు నేనే ఎంచుకున్నానన్నారు మీరు," అన్నాడు అలీ సాహెబ్, నొప్పించకుండా. "రెంటచింతల ఎండలో కాళ్లు ఎటు పోతాయో మనిషి అడగడు. మీ రిజిస్టరులో రాసిన అడుగుల్ని మాస్టారు గీసిన గుట్ట బొమ్మలో పెడితే నాలుగూ నాలుగు పందిళ్ల కిందకే వచ్చాయి. మీరు నిజాయితీగా తవ్వారు. మీకోసం పెట్టిన మట్టినే తవ్వారు."

పందిరి కింద గొయ్యి తీసి, చవుడులో కాస్త అసలు మట్టి రంగు కోసం కలిపి నింపారని చెప్పాడు. ఆఫీసరు ఎప్పుడొస్తాడో తెలియనక్కర్లేదు, వచ్చినప్పుడు ఎండ ఉంటే చాలు. కూలీలు కూర్చుంటే తొక్కి, కెలికి రెండు మట్టుల తేడా బయటపెడతారు, అందుకే వాళ్లను కూర్చోనివ్వలేదు. ఏసోబు గేటు దగ్గర ఉంటే చవుడు బస్తాలు లోపలికి రావు, అందుకే ముందు ఏసోబు పోయాడు.

"ఇన్ని బస్తాలు ఎవరివి? అది మాస్టారి ముక్కు చెప్పింది. పందిళ్ల కిందే తుమ్మారు, ఎండలో తుమ్మలేదు. గడ్డిపోచ మొలవని గుట్టమీద కుండ తడికి మొలిచినవి ఇవి." ఆయన మొలకల బొమ్మ విప్పాడు. "ఇది మిరప నారని పల్నాట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. కాయలు పోసిన సంచుల్లో మట్టి మోయించారు నాగభూషణరావు గారూ. సంచి దులిపించడం మర్చిపోయారు."

తన తుమ్ములు శకునం కాదని తెలిసి రామయ్య పొంగిపోయాడు. నాగభూషణరావు మాత్రం తల తిప్పుకున్నాడు. తల్లి పేరున్న గుడ్డ వైపు చూడలేకపోయాడు.

"మట్టే గదా అనుకున్నా," అన్నాడు చివరికి. "లారీలు అప్పులో ఉండయ్యి. చస్తారనుకోలేదు."

"నా గేదె చచ్చిందని నీ కొట్టు ముందరే గదా ఏడ్చా అయ్యా," అన్నాడు ఏసోబు.

మేనేజరు తనకు తెలియదని మొదలుపెట్టాడు గానీ గేటు కాపలా మార్చింది ఎవరని అలీ సాహెబ్ అడిగేసరికి ఆగిపోయాడు.

అమరేశ్వరరావు జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. పార తీసుకుని నీడలోంచి బయటికి నడిచాడు. నడినెత్తిన ఎండ. ఒక చోట, ఇంకో చోట, మరో చోట తవ్వాడు. ఎవరు సాయానికి వచ్చినా వద్దన్నాడు. పందిట్లో మట్టి ఒక గ్లాసులో, ఎండలో మట్టి మూడు గ్లాసుల్లో నానబెట్టారు. ఒకటి తేరుకుని దాదాపు నీళ్లలాగే ఉంది. మూడింట్లో నీళ్లు చిక్కటి పసుపుగా మెరిశాయి. పట్టీలోంచి మట్టి దిగదనీ, ఏసోబు మీద ఫిర్యాదు గురించి స్టేషన్‌కు తానే వచ్చి చెబుతాననీ ఆఫీసరు అక్కడే రాసిచ్చాడు.

రాశాక ఆయన పార మీద వాలి నిలబడ్డాడు. అంజమ్మ చలిపందిరి కుండలోంచి ముంత నింపి అందించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఏసోబు తన సైకిలుకు తగిలించిన సీసా తెచ్చి, ఇవ్వాలా వద్దా అని తటపటాయిస్తూ నిలబడ్డాడు. అమరేశ్వరరావు చెయ్యి చాచి తీసుకుని, మూత విప్పి ఆగాడు.

"ఎక్కడి నీళ్లివి?"

"మా వీధి బావియ్యి అయ్యా," అన్నాడు ఏసోబు. "ఇంకా తాగొచ్చు."

అమరేశ్వరరావు సీసా ఎత్తి ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు.