నైట్రేట్ తగ్గినా వస్తారా?

"ఇందులో ఉన్నది కాఫీనా, సముద్రమా?"

ఆ అమ్మాయి నాతో మాట్లాడిన మొదటి మాట ఇదే. నేను పట్టుకెళ్లింది కాఫీ ఫ్లాస్కు మరి. అందులో టెస్ట్ చేయించడానికి తెచ్చిన మా నాన్న ఉప్పునీటి అక్వేరియం నీళ్లు. చేపల షాపు కౌంటర్ వెనక నిలబడి, మూత తీసి వాసన చూసి, మొహం అదోలా పెట్టింది.

"కడిగానండీ," అన్నాను.

"సబ్బుతోనా?"

"ఇంక దేనితో కడుగుతారు?"

"అయితే టెస్ట్ చేస్తే ఏం తెలుస్తుందంటే, మీ చేపలు సబ్బు రుద్దుకుని స్నానం చేసి, కాఫీ తాగుతున్నాయని."

పక్కనున్న కస్టమర్లు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఇంకో రోజయితే వచ్చేసేవాణ్ణే. కానీ నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. అమ్మ హాస్పిటల్లో ఆయన దగ్గరే ఉంటోంది. ఆదివారం ఇంటికి పంపిస్తామన్నారు. నేను ఎప్పుడు వెళ్లినా ఆయన అడిగేది ఒకటే: "పువ్వు విచ్చుకుందిరా?"

పువ్వంటే నిజం పువ్వు కాదు. ఎనిమోన్ అంటారు. రాయికి అతుక్కుని, వేళ్లలాంటి రెమ్మలు ఊపుతూ ఉండే సముద్రపు జీవి. దాని ఒళ్లోనే మా నారింజరంగు చేపల జంట కాపురం. నాన్న హాస్పిటల్లో చేరిన దగ్గర్నుంచి అది పిడికిలిలా ముడుచుకుపోయింది. నేనేమో "ఓ, బ్రహ్మాండంగా విచ్చుకుంది" అని కోతలు కోస్తున్నాను. ఆదివారం ఆయన వచ్చి చూస్తే?

గుక్క తిప్పుకోకుండా ఇదంతా చెప్పేశాను. ఆ అమ్మాయి మొహంలో వెటకారం పోయింది. టెస్ట్ కిట్ తీసి బ్యాగులో వేసుకుంది.

"పదండి, ట్యాంకే చూద్దాం."

మా ఇంట్లో గాజుగొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి ఊపింది. నీళ్లు ఎర్రగా మారిపోయాయి.

"పసుపు రంగు రావాలి. నైట్రేట్ బాగా పెరిగింది. మిగిలిపోయిన మేత, చేపల మలం, అన్నీ కుళ్లి చివరికి అయ్యేది అదే. చేపలు ఎలాగో ఓర్చుకుంటాయి, మీ పువ్వు ఓర్చుకోలేదు."

కొన్ని నీళ్లు తీయించి, ఉప్పు కలిపిన కొత్త నీళ్లు పోయించింది. నేను ఉత్సాహంగా ఫిల్టర్ స్పాంజి తీసి కుళాయి కింద పెట్టబోతుంటే గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"అయ్యయ్యో! నీళ్లని బాగుచేసే బాక్టీరియా అంతా అందులోనే ఉంటుంది. కుళాయి నీళ్లతో చంపేస్తారా? తీసిన ఉప్పునీళ్లలోనే పిండండి."

చెయ్యి వదలడం ఆమె మర్చిపోయింది. నేనూ గుర్తుచెయ్యలేదు. వంటింటి గుమ్మంలోంచి మా నానమ్మ చూస్తోంది.

"మేత ఎంత వేస్తున్నారు?" అని అడిగింది ఆ అమ్మాయి.

"పొద్దున ఒక్క చిటికెడు. నాన్న చెప్పినంతే."

మర్నాడు వానలో తడుస్తూ వచ్చింది. జుట్టు చివర్ల నుంచి నీళ్లు కారుతుంటే టవల్ ఇవ్వాలని కూడా తోచలేదు నాకు, చూస్తూ ఉండిపోయాను. టెస్టులో మళ్లీ ఎరుపు. ఆ పై రోజు ఇంకాస్త ఎరుపు. ఆమె గొట్టం బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది.

"నిజం చెప్పండి. మేత ఎక్కువ వేస్తున్నారు కదూ?"

"ఒట్టు!"

"నైట్రేట్ తగ్గితే నేను రావడం మానేస్తానని."

"మా నాన్న ప్రాణంలా చూసుకునే వాటితో ఆటలాడతానా? అంత మాటంటారా?"

"మరి నీళ్ల వైపు కాకుండా నా వైపే చూస్తారెందుకు?"

"చూస్తాను! చూస్తే? అది వేరు, ఇది వేరు!"

అరిచేశాక గానీ ఏం ఒప్పుకున్నానో నాకు తట్టలేదు. ఆమె బ్యాగు తగిలించుకుని విసురుగా వెళ్లిపోయింది. ముడుచుకున్న పువ్వూ నేనూ మిగిలాం.

నేను పనిచేసేది కళ్లద్దాల షాపులో. మర్నాడు ఫోన్ మర్చిపోయి సగం దారిలోంచి ఇంటికొచ్చాను. నానమ్మ ట్యాంకు ముందు స్టూలేసుకుని కూర్చుంది. ఒళ్లో మేత డబ్బా.

"తినండమ్మా, తినండి," అంటూ చిటికెడు తర్వాత చిటికెడు వేస్తోంది.

"నానమ్మా!"

ఉలిక్కిపడి డబ్బా వెనక్కి దాచుకుంది. "గాజు దగ్గరికొచ్చి నోళ్లు తెరుస్తున్నాయిరా. నా కొడుక్కి ఓ ముద్ద పెడదామంటే ఆ నర్సు నన్ను లోపలికే రానివ్వలేదు. వాడి చేపలకైనా పెట్టుకోవద్దా?"

దగ్గరికి తీసుకుని, మేత ఎక్కువైతే పువ్వుకి ఏమవుతుందో చెప్పాను. నానమ్మ చెంపలేసుకుంది. "పద, ఆ పిల్ల దగ్గరికి. నా మూలంగా నువ్వు మాటపడ్డావు."

చేపల షాపులో అందరి ముందూ, "దొంగని నేనమ్మా, వీడు కాదు," అంది.

అంతా విన్నాక ఆ అమ్మాయి నా వైపు చూడలేక చూసింది. "సారీ. తొందరపడ్డాను."

"చూపు టెస్ట్ చేసే షాపులో ఉంటూ ఇంట్లో జరిగేది నాకే కనపడలేదు. మిమ్మల్నేం అంటాను?"

ఫక్కున నవ్వేసింది. తర్వాత నానమ్మ అరచేతిలో చిటికెడు మేత పోసింది. "ఇక మేత వేసే పని మీదే, బామ్మగారూ. రోజుకి ఒక్కసారి, ఇంతే. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకండి."

ఆ రోజు నుంచి డబ్బా నానమ్మ తలగడ కిందే. రోజూ నీళ్లు మార్చాం. ఎరుపు నారింజ అయింది.

ఆదివారం పొద్దున లేచి చూద్దును కదా, పువ్వు రెమ్మలన్నీ చాపుకుని ఊగుతోంది! చేపలు రెండూ అందులో దూరి పొర్లుతున్నాయి. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఫోన్ చేస్తే ఆమె పరుగున వచ్చింది.

ఇద్దరం ట్యాంకు ముందుండగానే నాన్న అమ్మ భుజం పట్టుకుని లోపలికొచ్చారు. కుర్చీలో కూర్చుని చాలాసేపు పువ్వునే చూశారు. కళ్లు తడిశాయి.

"రోజూ అబద్ధం చెప్పావని తెలుసురా," అన్నారు. "ఇవాళ్టికి నిజం చేశావు."

"నేను కాదు నాన్నా, ఈవిడ."

ఆమె గొట్టం ఎత్తి చూపించింది. లేత పసుపు.

"నైట్రేట్ తగ్గిపోయిందన్నమాట," అన్నారు నాన్న ఆమెనీ నన్నూ మార్చి మార్చి చూస్తూ. "అయితే నీకిక్కడ ఇంక పనిలేదు కదమ్మా?"

నేను చటుక్కున ఆమె వైపు తిరిగాను.

"నీళ్లకైతే నా అవసరం లేదండీ," అంది ఆమె మెల్లగా. "మీ అబ్బాయి రమ్మంటే మాత్రం వస్తాను."

"రండి," అన్నాను. "రోజూ రండి. మీరు రాకపోతే నాకేం బాగోదు."

అమ్మ సంచులు అక్కడే కింద పెట్టేసి, హమ్మయ్య అంటూ సోఫాలో కూలబడి, ఏడుస్తూ నవ్వింది. నాన్న తన పక్కనున్న కుర్చీని ఆమె వైపు లాగారు.

"నిలబడ్డావేం? కూర్చో తల్లీ," అన్నారు.