సఫియా నొక్కని బటన్

సింగపూర్‌లో ఎక్స్‌పో స్టేషన్‌లో దిగి చాంగీ బిజినెస్ పార్కు లోపలికి నడిస్తే అద్దాల భవనాలు వరసగా ఉంటాయి. అందులో ఒకదాని ఆరో అంతస్తు మూడేళ్ళుగా ఖాళీ. అద్దెకిస్తామని బోర్డు పెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు చూసి వెళ్ళారే గానీ, మళ్ళీ ఫోన్ చేసినవాడు లేడు.

చీకటి పడ్డాక అక్కడ ఊడవడానికి క్లీనర్ ఆంటీలు ఒప్పుకోరు. సెక్యూరిటీ వాళ్ళు రౌండ్స్‌కి వెళ్తే ఐదు నుంచి నేరుగా ఏడుకి ఎక్కేస్తారు. ఎవరూ లేని హాల్లో ఎవరో టైపు చేస్తున్నట్టు టకటకా చప్పుడట... లైటు వేస్తే ఆగుతుందట. తీసేస్తే మళ్ళీ మొదలట.

ఆ హాల్లో రాహిల్ అనే హైదరాబాదీ కుర్రాడు పనిచేస్తూ చేస్తూ చనిపోయాడు. ఇరవై ఆరేళ్ళు.

అలాంటి చోట పోయినేడు నాటకం ఆడారు! ఈ సంగతి చెప్పింది సుచిత్ర. సెంగ్‌కాంగ్‌లో పెరిగిన తెలుగు పిల్ల, ఆ నాటకానికి స్టేజీ మేనేజరు. సగం తను కళ్ళారా చూసింది. మిగతా సగం సఫియా ఆమె చెయ్యి పట్టుకుని చెప్పుకుంది.

సఫియా, రాహిల్‌కి సొంత అక్క.

నాటకం బెల్జియం వాళ్ళది. యూరప్‌లో ఇప్పుడు ఇలాంటివి చాలా ఆడుతున్నారట — కథ ఉండదు, వేషాలుండవు. పనిచేసి అరిగిపోయిన మనుషుల్నే తెచ్చి జనం ముందు నిలబెడతారు. ఇందులో ఉన్నది ఒక్క మనిషి, హన్నెలోర్. అరవై దాటిన ఆవిడ. చెప్పుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు అట్టపెట్టెలు మడిచింది. ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు జనం ముందు అవే పెట్టెలు మడుస్తూ, తనకు గుర్తున్నవి చెబుతుంది. రెండు గంటలు. చేతులు వణికి పెట్టె జారిపోయేదాకా. నటన కాదు, నిజంగానే అలిసిపోతుంది.

పని గురించి మాట్లాడే ఆట ఆఫీసులోనే ఆడదామని వాళ్ళు ఖాళీ అంతస్తు అడిగారు. ఓనరు అడిగిన వెంటనే ఇచ్చేశాడు.

హన్నెలోర్ మాట్లాడేది ఫ్లెమిష్. దానికి అర్థం తెర మీద ఇంగ్లీషులో పడాలి. హాలు వెనక, ఒకప్పటి మీటింగ్ రూములో, అద్దం చాటున లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కో వాక్యం వదిలే పని సఫియాది. ఆ భాష ఆమెకూ రాదు. ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుంటే ఎక్కడ బటన్ నొక్కాలో రిహార్సల్స్‌లో నేర్చుకుంది.

ఆ పని తనే వెళ్ళి అడిగి తెచ్చుకుంది. బిషాన్‌లో, రాహిల్ కూడా వాళ్ళతోనే ఉన్న ఇంట్లో, భర్త అబ్దుల్ ఖాదిర్ వద్దన్నాడు.

"వాడు పోయిన చోటికా? ఏం చూద్దామని సఫియా?"

"చూడ్డానికి కాదు. చూపించడానికి."

చూపించాల్సింది మధుసూదనరావుకి. రాహిల్ టీముకి పెద్ద ఆయనే. మలక్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి, ఇక్కడ ఏ తెలుగు సభ జరిగినా ముందు వరసలో ఉంటాడు. ఆ రోజు రాహిల్ పొద్దుటి నుంచీ ఒంట్లో బాగోలేదంటూనే పనిచేశాడు. తెల్లారి క్లీనర్ వచ్చి చూస్తే కీబోర్డు మీద తల ఆనించి ఉన్నాడు. ఒళ్ళు చల్లబడిపోయింది.

"సాయంత్రం ఏడింటికే ఇంటికి పొమ్మన్నానండీ. కుర్రాడు వినలేదు" అని విచారణలో చెప్పాడు మధుసూదనరావు. జనాజాలో శవం వెంట నడిచి, ఖాదిర్‌ని కావలించుకుని కర్చీఫుతో కళ్ళొత్తుకున్నాడు.

ఆ కర్చీఫు సఫియా కళ్ళ ముందు నుంచి ఒక్కరోజు కదల్లేదు.

మొదటి రోజు ఆటకి అతనికి ప్రత్యేక అతిథిగా పాస్ పంపించింది, నాటకం వాళ్ళ పేరు మీద. వస్తాడని తెలుసు. ఆరో అంతస్తంటే తనకేం జంకు లేదని నలుగురికీ చూపించుకోవాలి కదా.

వచ్చాడు. ఆఫీసువాళ్ళని కూడా వెంటబెట్టుకుని మరీ వచ్చాడు.

ఎనిమిదింటికి మొదలైంది. పాత ఆఫీసు కుర్చీల్లోనే ఎనభై మంది కూర్చున్నారు. ఫోన్లు ఆపెయ్యమని సఫియా మైకులో చెప్పింది. లైట్లు తగ్గాయి. హన్నెలోర్ పెట్టె మడిచింది... పక్కన పెట్టింది... ఇంకోటి మడిచింది.

గంట గడిచింది. ఆవిడ వేళ్ళు వణకడం మొదలైంది.

సఫియా తను విడిగా రాసి పెట్టుకున్న మొదటి వాక్యం వదిలింది.

'ఆ రోజు నాకు జ్వరం. ఇంటికి పోతానని సార్‌ని అడిగాను.'

జనం హన్నెలోర్ మాటే అనుకున్నారు. రెండోది వదిలింది.

'సార్ నా కుర్చీ వెనక్కొచ్చి, చెవి దగ్గర వంగి అన్నారు —'

ముందు వరసలో మధుసూదనరావు కాలు మీది కాలు దించేశాడు.

'పూర్తయ్యేదాకా లేవకు. నువ్వు పోతే ఈ కుర్చీలోకి రేపే ఇంకొకడు వస్తాడు.'

అతను లేచి నిల్చున్నాడు. చుట్టూ చూశాడు.

"ఎవరు... ఎవరు చెప్పారిది? అప్పుడు హాల్లో ఎవరూ లేరే... మేమిద్దరమే..."

సఫియా ఆఖరిది నొక్కింది.

'నేను రాహిల్‌ని సార్. ఇంకా లేవలేదు.'

మధుసూదనరావు తెర వైపు రెండు చేతులూ జోడించాడు.

"అన్నాన్రా... అన్నాను. లేవొద్దన్నాను. ఏడింటికి పొమ్మన్లేదు... అబద్ధం చెప్పాను."

వెనకే కూర్చున్న అతని ఆఫీసువాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అద్దం వెనక సఫియా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. రెండేళ్ళుగా గుండెల్లో మండుతున్నదేదో చల్లారినట్టయింది. నవ్వొచ్చింది కూడా. ఇక చాలు. హన్నెలోర్ వాక్యాల్లోకి వెళ్ళిపోవాలి. బటన్ మీదికి వేలు చాపింది —

ఇంకా నొక్కలేదు.

తెర మారింది.

'ఆపా... ఉస్ రాత్ తుమే క్యా బోలే, వో భీ బోలో.'

అక్షరాలు ఇంగ్లీషువే. మాటలు మాత్రం వాళ్ళింటివి. అక్కా... ఆ రాత్రి నువ్వేమన్నావో, అది కూడా చెప్పు.

లాప్‌టాప్‌లో వెతికింది. అలాంటి వాక్యమే లేదు. బటన్ నొక్కింది, పోలేదు. మళ్ళీ మళ్ళీ నొక్కింది. మూత మూసేసింది. వైరు పీకేసింది.

తెర మీద అలాగే ఉంది.

మధుసూదనరావు చెవిలో గొణిగిన మాట సఫియాకెలా తెలిసింది? రాహిలే చెప్పాడు. ఆ రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి, అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. "ఆపా, కళ్ళు తిరుగుతున్నాయి. నా వల్ల కాదు, వచ్చేస్తా" అన్నాడు. దానికి తనేమందో ఖాదిర్‌కి చెప్పలేదు, విచారణలో చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. అది చెప్పకుండా మధుసూదనరావు మాట బయటపెట్టే దారి లేక రెండేళ్ళు నోరు కుట్టేసుకుని కూర్చుంది.

అద్దంలోంచి చూసింది. మధుసూదనరావు వెనక్కి తిరిగి ఉన్నాడు. సూటిగా ఆమెనే చూస్తున్నాడు.

మైకు చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలీదు.

"ఓర్చుకో అన్నాను..." గొంతు హాలంతా వినిపించింది. "నీ దూల్హాభాయ్ ఖాదిర్ మాట మీద ఇచ్చిన ఉద్యోగం, మా పరువు తియ్యకు అన్నాను. మధ్యలో లేచి వస్తే... ఇంటి తలుపు తియ్యను అన్నాను."

తెలుగు తెలిసినవాళ్ళు తలలు తిప్పి అద్దం వైపు చూశారు. తెలియనివాళ్ళకి ఆ గొంతే సరిపోయింది.

తర్వాత — చప్పట్లు.

నాటకంలో భాగమనుకున్నారు. ఎంత నిజంగా చెప్పిందో అనుకున్నారు. లేచి నిలబడి మరీ కొట్టారు.

చప్పట్లు ఆగాయి. తెర మీద ఆ పాత వాక్యం పోయి, చిన్నది వచ్చింది.

'ఫిర్ సే.'

మళ్ళీ.

మళ్ళీ చెప్పింది. మళ్ళీ చప్పట్లు. ఈసారి తక్కువ.

'ఫిర్ సే.'

మూడోసారికి గొంతు బొంగురుపోయింది. హన్నెలోర్ పెట్టె మడవడం ఆపేసి అద్దం వైపు చూస్తోంది. జనంలో గుసగుస. ఐదోసారికి సఫియాకి చేతిలో మైకు నిలవడం లేదు... పెదాలు మాత్రం ఆగడం లేదు. "తలుపు తియ్యను అన్నాను... తలుపు తియ్యను..."

సుచిత్ర పరుగున వచ్చి మైకు లాక్కుంది. భుజాలు పట్టుకుని కుదుపుతూ, సింగపూర్ యాసలో అరిచింది.

"ఆంటీ! స్టాప్ లా! ఎవరికి చెబుతున్నారు?"

"వాడు అడుగుతున్నాడు... తెర మీద... నువ్వు చదవలేదా?"

సుచిత్ర తెర వైపు చూసింది. సఫియా వైపు చూసింది. మెల్లగా, ఒక్కో మాటా విడదీసి అంది.

"తెర ఖాళీగా ఉంది ఆంటీ. ఆ సార్ చేతులు జోడించాడే... అప్పట్నుంచీ బ్లాంకే."

సఫియా అద్దానికి మొహం ఆనించి తెర వైపు చూసింది.

జనం ఒక్కొక్కరే లేచి లిఫ్టుల వైపు నడుస్తున్నారు. ఆఫీసువాళ్ళు మధుసూదనరావుని చెయ్యి పట్టుకుని లాగుతున్నారు — "సార్, వెళ్దాం రండి సార్" — అతను కదలడం లేదు. ఖాళీ తెర వైపే కళ్ళప్పగించి, పెదాలు కదిలిస్తూ, కూడబలుక్కుని చదువుతున్నాడు.

"ఫిర్ సే... ఫిర్ సే, రావు సార్..."

చదివి, బుద్ధిగా చేతులు కట్టుకుని, మధుసూదనరావు "అన్నాన్రా... లేవొద్దన్నాను..." అంటూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.