నాలుగూ పదికి వచ్చే రీడింగ్

ఏప్రిల్ 11, శుక్రవారం, సాయంత్రం 4.10. జూలూరుపాడు దగ్గరి తండాలో లాల్‌సింగ్ చేను మీద మబ్బు లేదు. చేను మధ్య, కంచె లోపల ఆ పొద్దునే పెట్టిన పరికరం మాత్రం మబ్బు వచ్చినట్టు చూపించింది. గాలిలో ఉండే విద్యుత్తును కొలిచే పరికరం అది. ఎండ కాసే రోజు నూరు చూపాలి. తొమ్మిది వందలు చూపింది. ఆరు నిమిషాల తర్వాత నూరుకు దిగింది.

ఖమ్మంలో లాప్‌టాప్ ముందు కూర్చున్న సుజన ఆ అంకె రాసుకుంది. ఆమెది సత్తుపల్లి. పిడుగుల మీద పరిశోధన చేస్తోంది. పిడుగులు పడిన చోట్ల జాబితా చూసి ఆ చేను ఎంచుకుంది.

మర్నాడు 4.10కి అదే. ఆ మర్నాడూ అదే.

వారం తర్వాత ఆమె చేనుకు వెళ్లి ఎర్త్ వైరు ఎవరు వేశారని అడిగింది. వేసింది లాల్‌సింగ్ కొడుకు దేవ్‌సింగ్, సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. వైరు సరిగ్గా బిగించలేదని అతని మొహం మీదే అంది. అతను మీటరు తెచ్చి కొలిచి చూపించాడు. లోపం లేదు.

"మీ మిషన్‌కు దయ్యం పట్టింది మేడం."

"రోజూ నాలుగూ పదికేనా?"

"గవర్నమెంట్ దయ్యం కాదు గదా. టైంకు వస్తది."

అక్కడ ఆమె నవ్వలేదు. బస్సెక్కాక నవ్వింది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం పొద్దున వచ్చేది. మూడు గంటల బస్సుకు దేవ్‌సింగ్ బండి మీద రోడ్డు దాకా దింపేవాడు. పిడుగులు చదివే మనిషికి గొడుగెందుకని దారంతా ఏడిపించేవాడు. ఒకసారి మాత్రం, పడిన చోటే పిడుగు మళ్లీ పడుతుందా అని అడిగాడు. పడుతుందని ఆమె చెప్పింది. ఆ రోజు ఆమెను దింపి అతను బండి మళ్లీ చేనువైపు తిప్పాడు.

ఆమె ఫెలోషిప్ సెప్టెంబర్‌తో ముగుస్తుంది. పొడిగించాలంటే కొత్త సంగతి ఏదో కనిపెట్టాలి. మబ్బు లేకుండా వచ్చే ఆ రీడింగ్ మీద పేపర్ రాసి పంపింది.

జూన్ 13న మూడు గంటల బస్సు రాలేదు. నాలుగు దాకా చూసి సుజన చేనువైపు నడిచింది. చేతిలోని ఫోన్‌లో రీడింగ్ చూస్తోంది. మూడు వందలు. ఆరు వందలు. తల ఎత్తి చూసింది, ఆకాశం ఖాళీ. బెల్లం మాడిన వాసన వచ్చింది. తర్వాత గొంతు వినిపించింది.

కంచె పక్కన దేవ్‌సింగ్ ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. ముందు ఇనప గమేళాలో నిప్పులు, పైన నెయ్యి పొగ. లంబాడీలో ఏదో చెప్పి ఆగుతున్నాడు, విని మళ్లీ చెప్తున్నాడు. ఎదురుగా ఎవరూ లేరు. సుజనకు ఆ భాష రాదు. తన పేరు మాత్రం రెండుసార్లు వినిపించింది.

ఆమె నీడ పడి అతను వెనక్కి తిరిగాడు. లేవలేదు. అడగకముందే చెప్పాడు. రెండేళ్ల కింద జూన్‌లో అతని తల్లి పూలి ఇక్కడే పత్తి విత్తనాలు పెడుతోంది. పిడుగు పడింది. సబ్‌స్టేషన్‌లో లైన్ ట్రిప్ అయి కరెంటు పోయింది. 4.10 అని లాగ్‌బుక్‌లో రాసింది దేవ్‌సింగే. ఎవరి మీద పడిందో అప్పటికి తెలియదు. తండాలో పోయిన పెద్దలకు పండగనాడు నిప్పుల మీద నెయ్యి, బెల్లమన్నం వేసి భోగ్ పెడతారు. తల్లికి అతను రోజూ ఆ టైంకే పెడుతున్నాడు.

"పొగకు మీ మిషన్ లేస్తదని రెండో వారమే తెలిసింది," అన్నాడు.

"చెప్పలేదేం?"

"చెప్తే మీరు శుక్రవారం రారు."

సుజన నిప్పులవైపు చూసింది. "నా పేపర్ పోయింది, తెలుసా?"

"ఆపేస్త మేడం."

"ఆపొద్దు. పరికరాన్నే జరుపుతాను."

"వద్దు. నేనే నిప్పు జరుపుత."

తల్లికి తన గురించి ఏం చెప్తున్నాడని ఆమె అడిగింది.

"గొడుగు పట్టుకొని పిడుగుల కోసం తిరిగే పిల్ల ఉందని చెప్పిన. కోడలిగా తేనా అని అడిగిన."

"ఏమంది?"

"ఇంకా ఏం అనలే."

సోమవారం సుజన పేపర్ వెనక్కి తీసుకుంది. దేవ్‌సింగ్ గమేళాను వాగు ఒడ్డుకు మార్చాడు. ఎండ ఉన్న రోజుల్లో 4.10కి నూరే వచ్చింది. తర్వాతి శుక్రవారం చేనులో చూడాల్సిందేమీ లేదు. సుజన వచ్చింది.

ఫెలోషిప్ పొడిగించలేదు. ఖమ్మం కాలేజీలో లెక్చరర్‌గా చేరింది. దేవ్‌సింగ్‌ను పెళ్లి చేసుకుంటానని ఇంట్లో చెప్పినప్పుడు తండ్రి బసవపున్నయ్య రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు అబ్బాయిని భోజనానికి పిలవమన్నాడు. మబ్బు లేకుండా పడ్డ పిడుగంటే ఇదేనమ్మా అన్నాడు.

నవంబర్ 21, శుక్రవారం, కొత్తగూడెం రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి. సాక్షి సంతకాలు లాల్‌సింగ్, బసవపున్నయ్య, తండా పెద్ద ఒకాయన చేశారు. సంతకాలప్పుడు తీసిన ఫోటో మీద టైం 4.10. తండా వాళ్లంతా అక్కడే ఉన్నారు. కంచె తాళంచెవి దేవ్‌సింగ్ జేబులో ఉంది. గమేళా ఇంట్లో అటక మీద ఉంది.

సోమవారం సుజన డేటా తీసి చూసింది. ఉపగ్రహ చిత్రంలో ఆ రోజు జిల్లా మీద మబ్బు లేదు. నవంబర్ 21, సాయంత్రం 4.10కి పరికరం తొమ్మిది వందల పన్నెండు నమోదు చేసింది. 4.16కి నూరు.