మూడో అంకె

పొద్దున పదిన్నరకి అసైన్‌మెంట్ వచ్చింది. ఫోన్‌లో చీఫ్ గొంతు వింటూంటేనే ఏజెంటుకి భయం పట్టుకుంది.

ఆసుపత్రికి చేరిన నలభై పెట్టెల ఇంజెక్షన్లలో ఒకదాంట్లో విదేశీ ముఠా విషం కలిపింది. ఏ పెట్టెలోనో తెలియదు. ల్యాబ్ డేటాలో ఒక్క అంకె కూడా మారలేదని నిపుణులు తేల్చేశారు. పన్నెండింటికి ఇంజెక్షన్లు మొదలు. డేటా రూములో మన మనిషే ఒకావిడ ఉంది, కోడ్ వర్డ్ చెబితే సాయం చేస్తుంది.

"అన్నీ ఆపించెయ్యొచ్చుగా సార్?"

"ఆ మందు అందక ఇప్పటికే ముగ్గురు పోయారు. పెట్టె నంబరు చెప్పు, దాన్ని ఆపిస్తాను."

నిజం చెప్పాలంటే ఏజెంటు భయం దేశం గురించి కాదు. ఆ వార్డులో మొదటి మంచం మీద ఉన్నది అతని అక్క. తల్లి పోయాక అతన్ని పెంచి చదివించిన మనిషి. తమ్ముడు ఎక్కడో గుమాస్తా అనుకుంటోంది, పాపం.

పదకొండూ నలభైకి పెట్టుడు మీసంతో, కంప్యూటర్ మెకానిక్ వేషంలో డేటా రూములోకి వెళ్ళాడు. ఎర్ర కోటు వేసుకున్న అందగత్తె ఒక్కతే ఉంది. వాన వచ్చేలా ఉందన్నాడు. గొడుగు తన దగ్గరుందని నవ్వి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసి అతని డొక్కకి ఆనించింది. ఆవిడ డబుల్ ఏజెంట్ అని అప్పుడర్థమైంది మన మహానుభావుడికి.

"కూర్చో. నర్సు అడిగితే సరే అను, రేపు దొరికేది నీ గొంతే. అంతే."

ఆ ఆసుపత్రిలో పద్ధతి అది. నర్సు, ఈ రూములోని పట్టికే కనిపించే వార్డు తెర మీద పెట్టె వివరం చూసి ఇంటర్‌కమ్‌లో పైకి చదవాలి, డేటా రూము సరే అన్నాకే డాక్టరు సూది గుచ్చాలి. ముందు ఏ పెట్టె తెరవాలో రాసి పంపేది ఈవిడే.

చెమటకి మీసం ఊడి పెదవి మీదికి జారింది. నవ్వకండి, ఆ కుర్చీలో ఎవరున్నా అంతే. అలాగే తెర మీది పట్టిక చూశాడు. నలభై వరసలు. విషం కొలత ఇరవై దాటకూడదు. ఇరవై ఏడో పెట్టెకి పంతొమ్మిది, మిగతావన్నీ పద్నాలుగులోపే. అడుగున సగటు పదహారు.

మనసులో మళ్ళీ లెక్క వేశాడు. అన్నీ పద్నాలుగులోపే అయితే, ఒక్క పంతొమ్మిదితో సగటు పదహారెలా అవుతుంది?

అంకెలు ఎవరూ మార్చలేదు. కాలమ్ వెడల్పు తగ్గించారు. రెండంకెలకే చోటుంది, మూడోది ఉన్నా తెర మీదికి రాదు. సగటు మాత్రం లోపలున్న అసలు అంకెతోనే వచ్చింది. దాన్ని దాచడం ఆవిడ మరిచిపోయింది.

ఇంటర్‌కమ్ పలికింది. "మొదటి మంచం. ఇరవై ఏడో పెట్టె. పంతొమ్మిది."

అక్క. పిస్టల్ ఇంకా గట్టిగా నొక్కుకుంది. ఆవిడ కళ్ళు మైకు మీదున్నాయి.

"సరిగ్గా వినపడలేదు సిస్టర్, మళ్ళీ చదవండి," అన్నాడు. ఈలోగా చెయ్యి కీబోర్డు మీదికి జరిపాడు. కాలమ్ వెడల్పు దగ్గర రెండు తీసేసి మూడు కొట్టాడు.

"ఇరవై ఏడో పెట్టె. నూట..." గొంతు ఆగిపోయింది. "నూట తొంభై. డాక్టర్ గారూ, గుచ్చకండి."

నర్సు నొక్కిన అలారం మోగింది. ఆవిడ పిస్టల్ బ్యాగ్‌లో పడేసి, ఏమీ ఎరగనట్టు తలుపు తీసింది. ఎదురుగా గార్డులు, బ్యాగ్ లాక్కున్నారు. ఏజెంటు మాత్రం కుర్చీలోంచి లేవకుండానే ఊడిన మీసం తీసి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం అక్కని చూడ్డానికి వెళ్ళాడు. పొద్దుటినుంచీ ఇటు రాకుండా ఏం రాచకార్యాలు వెలగబెడుతున్నావని నిలదీసింది.

"ఆఫీసులో కాలమ్ వెడల్పు చెయ్యమన్నారక్కా."

అక్క అతనికేసి జాలిగా చూసింది.

"ఇందుకేనట్రా నిన్నంత చదివించింది?"