తోడు చుక్క

"బుధవారం సాయంత్రం మీ మేడ మీద నీడ పడుతుందండీ" అంది ఆ అమ్మాయి, లాండ్రీ కౌంటర్ మీద ఫోన్ పెట్టి మ్యాప్ చూపిస్తూ.

ఇస్త్రీ చేస్తున్న అబ్బాయి తలెత్తాడు. ఎత్తినవాడు దించడం మర్చిపోయాడు. చొక్కా కాలరు కమురు వాసన వచ్చాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

లోపల్నించి వాళ్ళమ్మ వచ్చింది. "పక్కన ఐదంతస్తులు లేపినప్పుడే పడిందమ్మా నీడ. అప్పట్నించి మా దుప్పట్లు ఆరి చావట్లేదు. ఇప్పుడు కొత్తగా ఎవరు కడుతున్నారు?"

"కట్టడం కాదు ఆంటీ. ఒక గ్రహం నీడ."

"జాతకాలు చెప్తావా?"

"లేదాంటీ. కొలతలు తీస్తా."

సంగతేమిటంటే, సూర్యుడికి ఎక్కడో దూరాన, పేరు పెట్టీ పెట్టనట్టు నంబరుతో పిలిచే మరుగుజ్జు గ్రహం ఒకటుంది. ఎంత పెద్ద టెలిస్కోప్‌లో చూసినా ఆవగింజంత. కానీ అది కదులుతూ కదులుతూ ఏదో ఒక నక్షత్రానికి అడ్డొస్తుంది. అప్పుడా నక్షత్రం టప్పున ఆరి, మళ్ళీ వెలుగుతుంది. ఎంతసేపు ఆరిందో కొలిస్తే అడ్డొచ్చినదాని సైజు తెలుస్తుంది. ఆ అడ్డు తాలూకు నీడ భూమ్మీద ఒక దారిలో పోతుంది. ఆ దారి నట్టనడుమ ఈ లాండ్రీ మేడ ఉంది.

"దానికో చంద్రుడు కూడా ఉన్నాడని మా సార్ అనుమానం" అంది అమ్మాయి. "దొరికితే నా చదువు గట్టెక్కుతుంది. ఇప్పటికి రెండుసార్లు ట్రై చేశా. ఒకసారి మబ్బు, ఒకసారి కరెంటు పోయింది. ఈసారీ ఉత్త చేతుల్తో వెళ్తే వేరే టాపిక్ చూసుకోమన్నారు. ఆ సాయంత్రం మీ మేడ ఇస్తారా?"

"మరి మేడ మీద హోటల్ వాళ్ళ దుప్పట్లో?" అంది అమ్మ.

"నేను తీసేస్తానమ్మా" అన్నాడు అబ్బాయి.

"నిన్న బల్బు మార్చమంటే నడుం నొప్పన్నావు?"

"తగ్గింది."

అమ్మ కొడుకు వంక చూసింది, అమ్మాయి వంక చూసింది, కాలిన కాలరు వంక చూసింది. మేడ తాళంచెవి తీసి కౌంటర్ మీద పెట్టింది.

బుధవారం మధ్యాహ్నం వాన. అమ్మాయి గొడుగు కింద టెలిస్కోప్ పెట్టెను కప్పి, తను తడుస్తూ నిలబడింది. అబ్బాయి ఇంకో గొడుగు తెచ్చి ఆమెను కప్పి, తను తడిశాడు. చీకటి పడేవేళకి వాన వెలిసి, ఆకాశం ఉతికి ఆరేసినట్టయింది.

"అదిగో మన చుక్క" అంది, ఎదురింటి ట్యాంకుకి కాస్త పైన చూపిస్తూ. చుక్క అంత కిందికి ఉంది కాబట్టి టెలిస్కోప్ గొట్టం దాదాపు అడ్డంగా, మనిషి తలెత్తులో నిలిచింది. "పక్కనున్నది తోడు చుక్క."

"దానికేం పని?"

"సాక్ష్యం. మబ్బొస్తే రెండూ మసకబారతాయి. నిజంగా గ్రహం అడ్డొస్తే మనదొక్కటే ఆరుతుంది. తోడు చుక్క లేకపోతే నా మాట ఎవరూ నమ్మరు."

ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుంది. అతను బట్టల క్లిప్పులు గుప్పిట్లో పట్టుకుని, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ నిలబడ్డాడు.

టప్.

చుక్క లేదు. అరనిమిషం పైనే లేదు. అంత దూరాన్నించి బయల్దేరిన నీడ వాళ్ళిద్దరినీ నిమిరి వెళ్ళింది. మళ్ళీ టప్పున చుక్క వెలిగింది. స్క్రీన్ వెలుగులో అమ్మాయి నవ్వింది. ఎవరికోసమూ కాని నవ్వు. పక్కనుంచి సగమే కనపడుతోంది. మిగతా సగం ఎలా ఉంటుందోనని అబ్బాయి నాలుగడుగులు అటువైపు వేశాడు.

అమ్మాయి ఎగిరి లేచింది. "మళ్ళీ తగ్గింది. చూశారా, చిన్నగా మళ్ళీ తగ్గింది. చంద్రుడండీ, చంద్రుడు." అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది. "ఇప్పుడే సార్‌కి ఫోన్ చేస్తా."

అబ్బాయి గొట్టం వంక చూశాడు, ఆమె చేతిలో ఉన్న తన చెయ్యి వంక చూశాడు. మాట్లాడకపోతే ఆ చెయ్యి అలాగే ఉంటుంది. మాట్లాడితే ఈ జన్మకి మళ్ళీ పట్టుకోదు. అవతల ఫోన్ రింగవుతోంది.

"ఫోన్ పెట్టెయ్యండి. ఆ చంద్రుడు... నేనేనండి."

"ఏంటి?"

"నా తల. మీరు నవ్వారు కదా, చూద్దామని గొట్టం ముందునుంచి వచ్చా."

ఆమె ఫోన్ కట్ చేసింది. లాప్‌టాప్‌లో వెనక్కి వెళ్ళి తోడు చుక్కని చూసింది. అదీ అప్పుడే మసకబారింది.

"నిజం చంద్రుడు ఒక్క చుక్కనే మూస్తాడు" అంది నెమ్మదిగా. "మీరు రెంటినీ మూసేశారు. మామూలోళ్ళు కాదు."

తిట్టినా బాగుండేది. సామాను సర్దుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి రోజుల్లో అబ్బాయి ఇస్త్రీ చేసిన ప్రతి చొక్కాకీ రెండు మడతలు ఎక్కువే. "ఆ పిల్ల నెంబరుందా?" అంది అమ్మ. "ఉంది." "మాట్లాడావా?" "ఏ మొహం పెట్టుకుని?" "గొట్టానికి అడ్డం పెట్టావే, ఆ మొహమే పెట్టుకుని."

ఆ సాయంత్రమే కౌంటర్ మీద నల్లటి గుడ్డ ఒకటి పడింది. టెలిస్కోప్ కవరు.

"ఇది ఉతకాలి" అంది అమ్మాయి. "ఇంకోటి. మాలాంటివాళ్ళు ఎనిమిది ఊళ్ళలో మేడలెక్కి కొలిచారట. అన్నిట్లోకీ ఎక్కువసేపు ఆరింది మీ మేడ మీదే. నీడ నడిమధ్య ఇక్కణ్ణుంచే పోయింది. ఆ గ్రహం సైజు మీ మేడే చెప్పింది. సార్ నా టాపిక్ మార్చనన్నారు."

"మరి చంద్రుడో?"

"వెతకాలి. వచ్చే నెల ఇంకో చుక్క ఉంది, వేరే ఊళ్ళో." కాసేపు కవరు కొసని మడిచింది, విప్పింది. "ఆ ఫోన్ సార్ ఎత్తుంటే నా పరువు పోయేది. మీరు నోరు మూసుకునుంటే నాకప్పుడు తెలిసేదీ కాదు. తోడు చుక్క చేసే పని మీరు చేశారు."

అబ్బాయి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. ఈసారి గుర్తుగా పెట్టాడు. "ఆ పని టెంపరరీయా, పర్మనెంటా?"

"ముందు ఆ ఊరు రండి. గొట్టం ముందు కాదు, నా పక్కన నిలబడండి. నవ్వు మొత్తం కనపడుతుంది."

లోపల్నించి అమ్మ గొంతు వినపడింది. "వెళ్ళిరారా. ఆ రోజు దుప్పట్లు నేను తీసుకుంటాలే. అమ్మాయ్, నువ్వు ఆంటీ అనడం మానేసి అత్తయ్యా అను, చెవికి బాగుంటుంది."