రెండు ఫోన్లు, ఒక రేల కొమ్మ

2009 జూన్. ఉప్పునుంతలలో సెల్ రిపేరు దుకాణం నడిపే హైదర్ గూఢచార విభాగం ఏజెంట్ అని ఊళ్లో ఎవరికీ తెలియదు.

"పులి చర్మాలు విదేశాలకు దాటించే ముఠా నిన్న మన ఇన్ఫార్మర్‌ను కాల్చేసింది. మిగిలింది మన్ననూర్ మల్లేశ్ ఒక్కడే," అన్నాడు డైరెక్టర్ ఫోన్లో. "మన వాళ్లందరికీ కొత్త ఫోన్లు కొంటున్నాం. సెంట్రా ఓఎస్సా, లూమా ఓఎస్సా? నాలుగింటికల్లా తేల్చు."

ఆ రెండు శాంపిల్స్ తెచ్చిన టెక్నికల్ ఆఫీసర్ ఉజ్మా ఎదురుగా కూర్చుంది. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు, చెరగని నవ్వు. ఆ నవ్వు హైదర్‌కు మొదటి నుంచీ నచ్చలేదు.

"సెంట్రా పాతది హైదర్ భాయ్. బటన్లు నొక్కలేక సస్తరు. లూమాకు టచ్ స్క్రీన్, మ్యాప్స్, అన్నీ ఉన్నయి. వారం కింద మల్లేశ్‌కు గిదే ఇచ్చిన."

"నిన్న పోయినాయనకు ఏది ఇచ్చిండ్రు?"

"యాదికి లేదు."

ఇచ్చిన మనిషికే యాదికి లేదట!

బల్లమీది పాత రేడియో ట్ర్ర్ ట్ర్ర్‌మంది. పక్కనున్న సెల్ ఏదైనా పంపుతుంటే రేడియో అలాగే గీపెడుతుంది. కానీ ఎవరూ కాల్ చేయలేదు. హైదర్ సెంట్రాను దూరంగా పెట్టాడు. పది నిమిషాలకు రేడియో మళ్లీ గీపెట్టింది.

"ఏంది మేడం గిది?"

"నెట్‌వర్క్ వెతుకుతుండొచ్చు. జర కార్లకెళ్లి ఛార్జర్ తెస్త."

కారు స్టార్టయి వెళ్లిపోయింది. హైదర్ లూమాను కంప్యూటర్‌కు తగిలించాడు. ఎవరో దాచిన ప్రోగ్రాం ఒకటి, ఫోన్ ఉన్న చోటును పది నిమిషాలకోసారి విదేశీ నంబరుకు పంపుతోంది.

మల్లేశ్‌కు ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. హైదర్‌కు నిజంగా భయమేసింది. అటవీ చెక్‌పోస్టుకు చెప్పి ఉజ్మా కారును ఆపించి, బైకు మీద మన్ననూర్ దారి పట్టాడు.

కొత్తవాళ్లిద్దరు ఊరి వెనక్కి పోయారని విని చెక్‌పోస్టు గార్డులతో అక్కడికి చేరేసరికి, వాళ్లు తుపాకులతో రేల చెట్టుకు చెరోవైపు నిలబడి ఉన్నారు. మల్లేశ్ ఎక్కడా కనబడక హైదర్ మళ్లీ కాల్ నొక్కాడు. ఆకుల్లో ఫోన్ మోగింది. ఒకడు పైకి గురిపెట్టి పేల్చాడు. మనిషి పడలేదు. ఫోనున్న ప్లాస్టిక్ కవరు పడింది. వాళ్లు నోరు తెరిచి చూస్తుండగానే గార్డులు మీద పడ్డారు.

కొడవలి పట్టుకుని మల్లేశ్ పరుగున వచ్చాడు.

"ఏంది సాబ్ గీ లొల్లి?"

"ఫోన్ ఎందుకు ఎత్తవయ్యా!"

"మా ఊళ్లె సిగ్నల్ గా కొమ్మకే వస్తది. పొద్దుగాల అందరం గాడనే తగిలిచ్చి పనికి పోతం. మాపటికొచ్చి చూసుకుంటం."

హైదర్ తలెత్తాడు. కొమ్మకు ఇంకో ఆరు బటన్ ఫోన్లు తాళ్లకు ఊగుతున్నాయి. నవ్వలేక, ఏడవలేక మల్లేశ్‌ను గట్టిగా కౌగిలించుకున్నాడు.

సరిగ్గా నాలుగింటికి డైరెక్టర్ ఫోన్. కొమ్మ కింద నిలబడే ఎత్తాడు.

"ఏ ఓఎస్?"

హైదర్ అప్పటికే సంగతంతా చెప్పడంతో మల్లేశ్ మెల్లగా అన్నాడు. "బటన్లదే పంపుమనున్రి సాబ్. దానికి తాడు కట్టనీకె బొక్క ఉంటది."

"సెంట్రా సర్," అన్నాడు హైదర్. "ఫీల్డ్‌లో వేలాడదీసి మరీ టెస్ట్ చేశాం."